యుద్ధం రెండేళ్ళు, దస్తావేజుల పోరు యాభై ఏళ్ళు

ఒక గుర్రం మీద ఒకడు, ఇంకో గుర్రం మీద ఇంకొకడు. ఇద్దరి మధ్యా పచ్చితోలుతో పేనిన తాడు. దాని పొడవు 50 వరాలు. వరా అంటే మన గజానికి కాస్త తక్కువ, 33 అంగుళాలు. తాడు రెండు కొసలకూ చెరో కర్ర. వెనకవాడు తన కర్ర నేలలో గుచ్చి ఆగుతాడు. ముందువాడు గుర్రాన్ని దౌడు తీయించి, తాడు బిగిసిన చోట తన కర్ర గుచ్చుతాడు. అప్పుడు వెనకవాడు అతన్ని దాటుకుని ముందుకు పోతాడు. పొద్దున మంచుకు తడిసిన తాడు సాగుతుంది, మధ్యాహ్నం ఎండకు కుంచించుకుపోతుంది. అందుకని అదే నేల పొద్దున కొలిస్తే ఒక లెక్క, మిట్టమధ్యాహ్నం కొలిస్తే ఇంకో లెక్క. ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. పత్రం చివర 'కాస్త ఎక్కువో తక్కువో' అని స్పానిష్‌లో ఒక ముక్క రాస్తే సరిపోయేది.

1840ల దాకా మెక్సికో ఏలుబడిలో ఉన్న కాలిఫోర్నియాలో భూములు కొలిచింది ఇలాగే. చెక్కుబందీ కూడా మన పాత దస్తావేజుల ధోరణిలోనే ఉండేది: తూర్పున వాగు, పడమర ఫలానా ఓక్ చెట్టు, ఉత్తరాన గుట్ట, ఒక్కోచోట హద్దు గుర్తుగా ఎద్దు పుర్రె. పత్రానికి జతగా చేత్తో గీసిన ఒక పటం. దాన్ని దిసేన్యో అంటారు. కొండలు, చెట్లు, వాగులు పిల్లలు వేసిన బొమ్మల్లా ఉంటాయి అందులో.

1846లో మొదలైన అమెరికా–మెక్సికో యుద్ధం గురించి చెప్పమంటే ఎవరైనా ఫిరంగులతో మొదలుపెడతారు. నేను తాడుతో మొదలుపెట్టాను. ఎందుకంటే ఆ యుద్ధం దేశపటాన్ని రెండేళ్ళలోపే మార్చేసింది గానీ, స్పానిష్ మాట్లాడే కుటుంబాల చేతుల్లోంచి పొలాలు జారిపోయింది ఆ తర్వాతి యాభై ఏళ్ళలో. ఆ పని చేసింది కోర్టులు, సర్వేయర్లు, వకీళ్ళు, వడ్డీ వ్యాపారులు. పట్టా పుస్తకంలో పేరు ఎక్కించుకోవడానికి ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళకు ఈ కథ చప్పున అర్థమవుతుంది.

వలస ఎటు నుంచి ఎటు

ఈ కథ మొదట్లో వలసదారులు అమెరికన్లు. 1821లో మెక్సికో స్పెయిన్ చేతిలోంచి బయటపడేనాటికి టెక్సస్‌లో స్పానిష్ మాట్లాడే జనం కొద్ది వేల మందే. మిగతాదంతా కొమాంచీలు, ఇంకా ఇతర ఆదివాసీల ఇలాకా. వాళ్ళ దాడులకు అడ్డంగా ఎవరినైనా తెచ్చి నిలబెడితే బాగుంటుందని మెక్సికో అనుకుంది. స్టీఫెన్ ఆస్టిన్ అనే అమెరికన్‌కు ఆ పని గుత్తకిచ్చింది. పశువులు మేపుకునే కుటుంబానికి ఒక లీగు భూమి, అంటే 4,428 ఎకరాలు, నామమాత్రపు రుసుముకు. అదే రోజుల్లో అమెరికాలో ప్రభుత్వ భూమి ఎకరం డాలరుంబావు, అదీ రొక్కం. జనం రాకుండా ఎలా ఉంటారు? క్యాథలిక్ మతం పుచ్చుకోవాలి, మెక్సికో పౌరులు కావాలి అని షరతులు పెట్టారు. రెండూ కాగితం మీద ఒప్పుకున్నారు.

పత్తి పండించడానికి వాళ్ళు బానిసలనూ వెంట తెచ్చుకున్నారు. 1829లో మెక్సికో అధ్యక్షుడు విసెంతే గెరెరో బానిసత్వాన్ని రద్దు చేస్తే, టెక్సస్‌వాళ్ళు గొడవచేసి తమకు మినహాయింపు తెచ్చుకున్నారు. 1830 ఏప్రిల్ 6న మెక్సికో ఇంకో చట్టం చేసింది: అమెరికా నుంచి ఇక వలసలు బంద్. ఎవరు విన్నారు? సబీన్ నది దాటి వస్తూనే ఉన్నారు. కాగితాలు లేకుండా హద్దు దాటేవాళ్ళ గురించి అక్కడ మొదట టెన్షన్ పడింది మెక్సికో ప్రభుత్వమే.

1835లో తిరుగుబాటు వచ్చింది. బానిసత్వం ఒక్కటే దానికి కారణమంటే సరికాదు. అధికారమంతా రాజధానికి లాక్కున్న మెక్సికో అధ్యక్షుడు సాంతా ఆనా మీద మెక్సికోలోని వేరే రాష్ట్రాలు కూడా తిరగబడ్డాయి. 1836 మార్చిలో టెక్సస్‌వాళ్ళు పట్టుకున్న ఆలమో కోట పడిపోయింది, ఏప్రిల్‌లో శాన్ జసింటో దగ్గర సాంతా ఆనా సేన చిత్తయింది. టెక్సస్ వేరే దేశమైంది. బానిసత్వానికి అక్కడి రాజ్యాంగమే రక్షణ ఇచ్చింది. ఈ రోజు మనవాళ్ళు ఇళ్ళు కొనుక్కుని స్థిరపడుతున్న ఆస్టిన్, హ్యూస్టన్ ఊళ్ళలో మొదటిది ఆ గుత్తేదారు పేరు, రెండోది శాన్ జసింటోలో గెలిచిన సేనాపతి పేరు.

ఆ యుద్ధంలో టెక్సస్ పక్షాన పోరాడిన స్పానిష్ మాతృభాషవాళ్ళు కూడా ఉన్నారు. హువాన్ సెగీన్ అలాంటివాడు. ముట్టడిలో ఉన్న ఆలమో నుంచి సాయం కోసం కబురు మోసుకుంటూ బయటికొచ్చాడు కాబట్టి బతికాడు. శాన్ జసింటోలో పోరాడాడు. టెక్సస్ సెనేట్‌లో కూర్చున్నాడు, శాన్ ఆంటోనియోకు మేయరయ్యాడు. కొత్తగా వచ్చినవాళ్ళు అతని మనుషుల భూముల మీద కన్నేసినప్పుడు అడ్డం నిలబడ్డాడు. మెక్సికోతో చేతులు కలిపాడని పుకారు లేపారు. 1842లో ప్రాణం దక్కించుకోవడానికి ఆ మెక్సికోకే పారిపోవలసి వచ్చింది. పుట్టిన గడ్డ మీదే పరాయివాడినయ్యానని తర్వాత రాసుకున్నాడు. ఆరేళ్ళ తర్వాత లక్షమందికి పట్టబోయే గతి అతనికి ముందే పట్టింది.

ఏ చోట చిందింది ఆ నెత్తురు?

1845 డిసెంబరులో టెక్సస్ అమెరికాలో కలిసింది. దాని దక్షిణపు హద్దు న్యూసెస్ నది అని మెక్సికో, కాదు ఇంకా కిందున్న రియో గ్రాండే అని అమెరికా. కాలిఫోర్నియా, న్యూ మెక్సికో కొంటామని అధ్యక్షుడు జేమ్స్ పోక్ ఒక దూతను డబ్బు బేరంతో పంపాడు. మెక్సికో అతన్ని గుమ్మం కూడా తొక్కనివ్వలేదు. 1846 జనవరిలో పోక్ సైన్యాన్ని రియో గ్రాండే ఒడ్డుకు కదిలించాడు. ఏప్రిల్ 25న అక్కడ కాల్పులు జరిగి అమెరికన్ సైనికులు చనిపోయారు. ఆ కబురు వాషింగ్టన్‌కు చేరకముందే యుద్ధం అడగాలని పోక్ మంత్రివర్గంలో తేల్చుకుని ఉన్నాడు. కబురు అందాక చేతికి సాకు దొరికింది: అమెరికా నేల మీద అమెరికన్ నెత్తురు చిందించారు. మే 13న యుద్ధ ప్రకటన.

అసలు ఏ చోట చిందిందో చూపించమని, ఆ చోటు మనదో కాదో తేల్చమని మరుసటి ఏడాది కాంగ్రెస్‌లో ఒక కొత్త సభ్యుడు నిలదీశాడు. అతని పేరు అబ్రహం లింకన్. ఆ యుద్ధంలో కుర్ర లెఫ్టినెంటుగా పనిచేసిన యులిసిస్ గ్రాంట్ తరువాతి రోజుల్లో అమెరికా అధ్యక్షుడయ్యాడు. బలమైన దేశం బలహీనమైన దేశం మీద చేసిన అత్యంత అన్యాయమైన యుద్ధాల్లో అదొకటని తన జ్ఞాపకాల్లో రాశాడు. బానిసత్వాన్ని కాపాడే ప్రభుత్వానికి పన్ను కట్టనని మొండికేసిన హెన్రీ డేవిడ్ థోరో 1846 జులైలో ఒక రాత్రి జైల్లో ఉన్నాడు. తర్వాత ఆ విషయం మీద రాసిన వ్యాసంలో మెక్సికో మీద యుద్ధాన్నీ తప్పుబట్టాడు. దక్షిణాఫ్రికాలో ఉన్నప్పుడు గాంధీగారు చదివింది ఆ వ్యాసాన్నే.

యుద్ధం నడిచిన తీరు గబగబా చెప్పుకోవచ్చు. న్యూ మెక్సికోలోని శాంటా ఫే ఊరు తుపాకీ పేలకుండానే లొంగింది. 1847 మార్చిలో వెరక్రూజ్ రేవులో దిగిన సేన సెప్టెంబరు 14న మెక్సికో నగరంలో జెండా ఎగరేసింది. అమెరికా పక్షాన సుమారు 13,000 మంది పోయారు, వాళ్ళలో చాలామందిని మింగింది రోగాలే. అమెరికన్ సేనలోంచి ఫిరాయించి సాటి క్యాథలిక్కుల వైపు పోరాడిన ఐరిష్ వలస సైనికుల దండు ఒకటుంది. పట్టుబడ్డవాళ్ళలో యాభై మంది దాకా ఉరితీశారు. వాళ్ళ నాయకుడు జాన్ రైలీకి మాత్రం ఉరి తప్పింది. అతను పారిపోయిన తేదీ యుద్ధం ప్రకటించిన తేదీకంటే ముందుదని తేలింది. ప్రాణం వదిలేసి చెంప మీద వాత పెట్టారు. కాగితం మీది తేదీ మనిషిని కాపాడిన సందర్భం ఈ కథలో బహుశా ఇదొక్కటే.

కొట్టేసిన పదో క్లాజు

యుద్ధం ముగించే ఒప్పందం కుదిర్చిన అమెరికా దూత నికొలస్ ట్రిస్ట్‌ది విచిత్రమైన పరిస్థితి. అతన్ని వెనక్కి వచ్చేయమని పోక్ ఉత్తర్వు పంపాడు. అతను వెళ్ళలేదు. ఉద్యోగం ఊడిన మనిషే 1848 ఫిబ్రవరి 2న గ్వాదలూపే ఇదాల్గో అనే ఊళ్ళో సంతకం పెట్టాడు. టెక్సస్‌ను లెక్కలోంచి తీసేసినా మెక్సికో వదులుకున్న నేల 5 లక్షల చదరపు మైళ్ళ పైచిలుకు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లాంటివి ఐదు పడతాయి అందులో. బదులుగా అమెరికా ఇచ్చింది కోటిన్నర డాలర్లు, ఎకరం ఐదు సెంట్లకు కూడా పడలేదు. అంతకు తొమ్మిది రోజుల ముందే కాలిఫోర్నియాలో ఒక రంపపు మిల్లు కాలువలో బంగారం కనబడింది. బల్ల దగ్గర కూర్చున్న ఎవరికీ ఆ సంగతి తెలియదు.

అక్కడ ఉండిపోయిన 80 వేల నుంచి లక్షమంది దాకా మెక్సికన్లకు ఏడాది గడువిచ్చారు. పోతే మెక్సికో, ఉంటే అమెరికా పౌరసత్వం. ఎక్కువమంది ఉండిపోయారు. హద్దును మేం దాటలేదు, హద్దే మమ్మల్ని దాటింది అని వాళ్ళ మనవలు, మునిమనవలు చెప్పేది ఇందుకే. ఎనిమిదో క్లాజు ఆస్తులకు రక్షణ ఉంటుందని చెప్పింది. పదో క్లాజు ఇంకా గట్టిది: మెక్సికో ఇచ్చిన భూదానాలన్నీ, ఈ నేల మెక్సికోలోనే ఉండి ఉంటే ఎంత చెల్లేవో అంతా చెల్లుతాయి. ఒప్పందం ఆమోదించే ముందు అమెరికన్ సెనేట్ ఆ పదో క్లాజును మొత్తంగా కొట్టేసింది. మెక్సికో కంగారుపడితే, దానివల్ల నష్టమేమీ లేదని క్వెరెతారో ఊళ్ళో అమెరికా దూతలు మరో పత్రం రాసిచ్చారు. ఆ పత్రానికి తాము కట్టుబడనక్కర్లేదని అమెరికా తర్వాత వాదించింది.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. ఈ బేరంలో రెండు పక్షాలూ అడగనిది ఆదివాసీలను. కాలిఫోర్నియాలో 'మా పూర్వీకుల రాంచో' (పశువులు మేపే పెద్ద భూఖండం) అని కన్నీళ్ళు పెట్టుకున్న కుటుంబాల భూములు చాలావరకు 1830లలో క్రైస్తవ మిషన్ల నుంచి తీసి పంచినవి. ఆ మిషన్ల పొలాలు ఆదివాసీల నేల మీద, ఆదివాసీల చాకిరీతో సాగైనవి. పోగొట్టుకున్నవాళ్ళందరూ అమాయకులు కారు.

నూటికి మూడు రూపాయల వడ్డీ

1851లో అమెరికన్ కాంగ్రెస్ కాలిఫోర్నియా భూముల మీద ఒక చట్టం చేసింది. ముగ్గురు కమిషనర్ల బోర్డు కూర్చుంటుంది. భూమి ఉన్నవాళ్ళు రెండేళ్ళలోగా వచ్చి తమదేనని రుజువు చేసుకోవాలి. రాకపోతే అది ప్రభుత్వ భూమి కింద లెక్క. కాదని నిరూపించే బాధ్యత సర్కారుది కాదు, అవునని నిరూపించే భారం సాగుచేసుకుంటున్నవాడిదే.

సర్కారువారి వాదనలో అసలు పసే లేదనలేం. కొన్ని పత్రాలు నిజంగానే దొంగవి. అమెరికన్లు వచ్చేస్తున్నారని తెలిసి చివరి మెక్సికన్ గవర్నరు పియో పీకో హడావుడిగా రాసిచ్చినవీ ఉన్నాయి. తాడుతో కొలిచి, ఎద్దు పుర్రె హద్దు పెట్టిన పత్రాన్ని ఎకరాల్లో, సెంట్లలో తేల్చడమూ తేలిక కాదు. బోర్డు ముందుకు 813 దావాలు వస్తే 604 చివరికి నెగ్గాయి. మూడొంతులు గెలుపే కదా, ఇక అన్యాయం ఏముంది అనిపిస్తుంది. కానీ అసలు దెబ్బ తీర్పులో లేదు. పట్టా చేతికొచ్చేసరికి సగటున 17 ఏళ్ళు పట్టింది. బోర్డులో గెలిస్తే జిల్లా కోర్టు, అక్కడా గెలిస్తే సుప్రీంకోర్టు. ఆ పదిహేడేళ్ళూ వకీలు ఫీజు, సర్వే ఖర్చు, భూమి పన్ను కట్టాలి. వీళ్ళ దగ్గర ఉన్నది భూమి, పశువులు. చేతిలో రొక్కం లేదు.

హూలియో వెర్దూగో సంగతే చూడండి. లాస్ ఏంజెలెస్ పక్కన సుమారు 36,000 ఎకరాల శాన్ రఫాయెల్ రాంచోలో వాటాదారు. ఇప్పటి గ్లెండేల్, బర్‌బ్యాంక్ ఊళ్ళు ఉన్నది ఆ నేల మీదే. 1861లో అతను భూమి తాకట్టు పెట్టి 3,445 డాలర్లు అప్పు తెచ్చాడు. నెలకు నూటికి మూడు వడ్డీ. మన ఊళ్ళ లెక్కలో చెప్పాలంటే మూడు రూపాయల వడ్డీ, ఇవాళ్టికీ చాలాచోట్ల వినబడే రేటే. కాకపోతే ఇది నెలనెలా అసలులో కలిసే చక్రవడ్డీ. ఆ శీతాకాలం వరదలు వచ్చాయి, వెంటనే రెండేళ్ళు కరువు. మందలు మందలుగా పశువులు చచ్చాయి. 1869కి ఆ అప్పు 58,750 డాలర్లయింది. కాగితం పెన్సిలు తీసుకుని ఎనిమిదేళ్ళకు లెక్క కట్టి చూడండి, దాదాపు అంతే వస్తుంది. మోసమేం లేదు, రాసుకున్న లెక్కే. రాంచో వేలానికి వెళ్ళింది. పట్టా విషయంలో మాత్రం ఆ కుటుంబం ఓడిపోలేదు!

పెరాల్టా కుటుంబానికి ఇంకో రకం దెబ్బ. ఇప్పటి ఓక్లాండ్, బర్క్లీ, అలమీడా ఊళ్ళన్నీ కలిపి 44,800 ఎకరాలు వాళ్ళవి. బంగారం వేటకొచ్చి ఏమీ దొరకనివాళ్ళు ఆ పొలాల్లో దిగి గుడిసెలు వేసుకున్నారు. కేసు కోర్టులో నలుగుతుండగానే ఆక్రమణదారులు స్థలాలు ప్లాట్లు కొట్టి అమ్మేశారు. 1852లో ఓక్లాండ్ పట్టణమే వెలిసింది. సుప్రీంకోర్టు పెరాల్టాలదే హక్కని 1856లో తేల్చింది. ఊరు లేచిపోయాక ఆ తీర్పు పట్టుకుని ఎవర్ని ఖాళీ చేయిస్తారు?

నాకు అన్నిటికంటే చిత్రంగా తోచేది ఇద్దరు మనుషుల కేసులు. మరియానో వయేహో కాలిఫోర్నియాలో పెద్ద భూస్వామి, మెక్సికన్ సేనాధిపతి. అమెరికాలో కలిస్తేనే మేలని నమ్మినవాడు. 1846లో అమెరికన్ తిరుగుబాటుదారులు తెల్లారకముందే వచ్చి అతన్నే పట్టుకుపోయారు. జైల్లో పెట్టినా అతని నమ్మకం సడలలేదు. 1849లో కాలిఫోర్నియా రాజ్యాంగం రాసిన 48 మందిలో స్థానిక స్పానిష్ కుటుంబాలవాళ్ళు ఎనిమిది మంది, అందులో అతనొకడు. అతని సోస్కోల్ భూదానాన్ని 1862లో సుప్రీంకోర్టు చెల్లదంది. ఆ భూమి మీద ఉన్న ఒక ఊరికి అతని పేరు, ఇంకో ఊరికి అతని భార్య బెనిసియా పేరు ఇప్పటికీ ఉన్నాయి. పేర్లు ఉంచుకున్నారు, నేల తీసుకున్నారు.

రెండోవాడు జాన్ ఫ్రెమాంట్. కాలిఫోర్నియాను ఆక్రమించిన అమెరికన్ సైన్యాధికారుల్లో ఒకడు. 1847లో అతని తరఫున 3,000 డాలర్లకు ఒక మాజీ గవర్నరు దగ్గర మారిపోసా అనే భూదానం కొన్నారు. ఆ దానపత్రంలో సరైన హద్దులే లేవు. ఫలానా ప్రాంతంలో పది లీగులు, ఎక్కడైనా సరే అన్నట్టుంది. దాన్ని పొందినవాడు అక్కడ ఒక్కరోజు కాపురం చేయలేదు. తర్వాత ఆ చుట్టుపక్కల బంగారం పడింది. గాల్లో తేలే ఆ హద్దులు మెల్లగా వచ్చి గనుల మీద వాలాయి. అదే సుప్రీంకోర్టు ఫ్రెమాంట్ హక్కు చెల్లుతుందని 1855లో తీర్పిచ్చింది. బే ఏరియాలో మన జనం చాలామంది ఉండే ఫ్రీమాంట్ ఊరికి ఆ పేరు అతనిదే. 1797లో నెలకొల్పిన మిషన్ శాన్ హోసె ఆ ఊళ్ళోనే ఉంది. పక్క ఊరు మిల్‌పీటస్ అంటే చిన్న మొక్కజొన్న చేలు. ఆ మాట మూలం స్పానిష్ కూడా కాదు, అంతకంటే పాత నావాట్ల్ భాషది.

ఉమ్మడి కొండ నుంచి సర్కారు అడవి దాకా

న్యూ మెక్సికోలో పోయింది వేరే రకం ఆస్తి. కాలిఫోర్నియా రాంచో ఒక కుటుంబానిది. ఇక్కడ స్పెయిన్ రాజుగారు భూమిని ఊరికిచ్చేవాడు. ప్రతి ఇంటికీ ఒక ఇంటిస్థలం, వాగు ఒడ్డున ఒక మడిచెక్క. మిగతా కొండ, అడవి, బీడు ఊరందరికీ ఉమ్మడి. పశువులు మేపుకోవచ్చు, కట్టెలు తెచ్చుకోవచ్చు, ఎవరూ అమ్మడానికి లేదు. మన మేత పోరంబోకులాంటిదే గానీ, యజమాని ఊరే.

పేకోస్ నది ఒడ్డున శాన్ మిగెల్ దెల్ బాదో అనే ఊరికి 1794లో ఇచ్చిన దానం సుమారు 3,15,000 ఎకరాలు. కేసు 1897లో అమెరికన్ సుప్రీంకోర్టుకు చేరింది. ఇళ్ళు, మడిచెక్కలు వాళ్ళవే, ఉమ్మడి భూమి మాత్రం ఎన్నడూ ఊరిది కాదు, రాజుదే. రాజు తర్వాత మెక్సికోది, మెక్సికో తర్వాత అమెరికాది అని కోర్టు అంది. ఊరికి మిగిలింది 5,000 ఎకరాల చిల్లర. గొర్రెలు మేపడానికి కొండ లేకపోతే ఆ మడిచెక్కలతో ఒక్క ఇల్లూ గడవదు. ఇలాంటి ఉమ్మడి భూములు చాలావరకు చివరికి నేషనల్ ఫారెస్టుల్లో కలిశాయి. తాతలు ఊరికే మేపుకున్న కొండ మీద మనవలు పర్మిట్ తీసుకుని రుసుము కట్టాలి. మన పల్నాడులో దాన్ని పుల్లరి అనేవాళ్ళు.

పదేళ్ళ ముందు, 1887లో, ఇదే కోర్టుకు మాక్స్‌వెల్ దానం కేసు వచ్చింది. ఇద్దరు మనుషులకు మెక్సికో ఇచ్చింది. అప్పటి మెక్సికో చట్టం లెక్కన ఇద్దరికీ కలిపి గరిష్ఠంగా 97,000 ఎకరాలు దాటకూడదు. కొన్న కంపెనీ సర్వే చేయిస్తే అది 17 లక్షల ఎకరాలైంది. కోర్టు సరేనంది. గొర్రెలకాపరుల చేతిలో కుంచించుకుపోయిన తాడు, కంపెనీ చేతిలో సాగిందన్నమాట.

శాంటా ఫేలో కొందరు వకీళ్ళు ఒక ముఠాగా ఉండేవాళ్ళు. జనం దగ్గర రొక్కం లేదు కాబట్టి ఫీజు భూమి రూపంలో పుచ్చుకునేవాళ్ళు. వాళ్ళలో పెద్ద తలకాయ థామస్ కాట్రన్. దాదాపు 6 లక్షల ఎకరాల తియెర్రా అమరీయా దానం మెల్లగా అతని చేతిలోకి వచ్చింది. 1912లో న్యూ మెక్సికోకు రాష్ట్ర హోదా వస్తే మొదటి ఇద్దరు సెనేటర్లలో అతనొకడు. ఒప్పందం జరిగిన 64 ఏళ్ళకు గానీ ఆ హోదా రాలేదు.

జనం ఊరుకోలేదు. 1889–90లో శాన్ మిగెల్ కౌంటీలో రాత్రిపూట తెల్ల ముసుగులు కట్టుకున్న రౌతులు ఉమ్మడి భూమి చుట్టూ వేసిన ముళ్ళకంచెలు నరికేసేవాళ్ళు. తెల్లటోపీలవాళ్ళని పేరు. 1967 జూన్‌లో రైయెస్ తిహెరీనా అనే నాయకుడి మనుషులు తుపాకులతో తియెర్రా అమరీయా కోర్టు మీద పడ్డారు. అడిగింది అదే పాత భూమి గురించి.

మిగిలింది, అటునుంచి వచ్చింది

భూమి అటు పోయింది సరే, ఇటు కొన్ని నిలిచాయి. కౌబాయ్ సరంజామా చాలావరకు స్పానిష్ పశులకాపరుల నుంచి వచ్చిందే. రాంచ్, రోడియో, లాసో మాటలు అప్పుగా తెచ్చుకున్నవి. మొదట్లో చెప్పుకున్న కొలతతాడు పేరు లా రియాటా, అదే ఇంగ్లిష్‌లో లారియట్ అయింది. మెక్సికన్ వెండి పెసో అమెరికాలో 1857 దాకా చెల్లుబాటయ్యే నాణెం. రెండు దేశాలూ కొట్టుకుంటున్నప్పుడు కూడా బోస్టన్ కొట్లో మెక్సికో నాణెం చెల్లేది.

నా మటుకు అన్నిటికంటే ముఖ్యమైనది పెళ్ళయినవాళ్ళ ఆస్తి చట్టం. ఇంగ్లిష్ పద్ధతిలో పెళ్ళైతే భార్య ఆస్తి భర్త చేతిలోకి పోయేది. స్పానిష్ పద్ధతి వేరు. పుట్టింటి నుంచి తెచ్చుకున్నది ఆమెదే, మన స్త్రీధనంలాగా. కాపురంలో సంపాదించింది ఇద్దరిదీ సగం సగం. 1849లో కాలిఫోర్నియా రాజ్యాంగ సభలో దీని మీద పెద్ద వాదం నడిచింది. హెన్రీ హాలెక్ అనే పెళ్ళికాని సభ్యుడు లేచి, బ్రహ్మచారులందరూ దీనికి ఓటేయండి, డబ్బున్న ఆడవాళ్ళు కాలిఫోర్నియాకు రావడానికి ఇంతకంటే మంచి ఎర ఉండదన్నాడు. ఈ హాలెక్ సామాన్యుడు కాదు. స్పానిష్ భూపత్రాల్లో చాలావాటిని అనుమానించాలని అదే ఏడాది రిపోర్టు రాసినవాడు, తర్వాత ఆ పత్రాలున్న కుటుంబాల తరఫున వకీలుగా వాదించి బాగా గడించినవాడు.

టెక్సస్ 1840లోనే ఆ పద్ధతి ఖాయం చేసుకుంది. ఇప్పటికి తొమ్మిది రాష్ట్రాల్లో ఉంది. ఆస్తి మీద పెత్తనం చాలాకాలం భర్తదే అయినా, హక్కు మాత్రం ఇద్దరిదీ. డాలస్ పక్కన ఇల్లు కొనే తెలుగు జంటలో జీతం ఒక్కరిదే అయినా, కాపురంలో వచ్చిన ఆ జీతంతో కొన్న ఇంట్లో రెండోవాళ్ళకూ వాటా ఉండేది ఈ పాత స్పానిష్ చట్టం పుణ్యమే.

మనవాళ్ళకూ మెక్సికన్లకూ ఇంకో ముడి ఉంది, అది అంత తీపిది కాదు. 1965 అక్టోబరులో లిండన్ జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం ఆసియావాళ్ళకు తలుపులు తెరిచింది. మన డాక్టర్లు, ఇంజినీర్లు అమెరికా వెళ్ళింది ఆ తలుపులోంచే. ఆ చట్టమే మెక్సికోతో సహా పశ్చిమార్ధగోళం మొత్తానికీ మొట్టమొదటిసారి ఒక సంఖ్యతో గీత గీసింది, ఏడాదికి 1,20,000 మంది. అంతకు ఏడాది ముందే, మెక్సికన్ కూలీలను సీజనుకు తెచ్చుకునే బ్రసేరో పథకం ఆగిపోయింది. పని అలాగే ఉంది, మనుషులు అలాగే వస్తున్నారు, కాగితం ఒక్కటే లేకుండా పోయింది. తలుపు తెరిచిన చట్టంతోనే మొదలైన, దేశం పెద్దదైనా చిన్నదైనా ఒకే పరిమితి అనే పద్ధతి ఇప్పుడు మనవాళ్ళ మెడకూ చుట్టుకుంది. గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ళ తరబడి నిలబెట్టిన ఏడు శాతం కోటా దాని వారసుడే.

న్యూ మెక్సికోలో నీళ్ళ దగ్గర మాత్రం పాత కాగితమే గెలుస్తూ వస్తోంది. అక్కడ ఊరి కాలువను అసేకియా అంటారు, అరబ్బీ నుంచి స్పానిష్‌లోకి వచ్చిన మాట. ఇప్పటికీ దాదాపు 700 ఉన్నాయి. కాలువకు ఒక మయోర్దోమో ఉంటాడు. మన చెరువు కింద నీరటికాడు చేసే పనే అతనిదీ: ఏ మడికి ఎప్పుడు, ఎంతసేపు అని వంతులు వేయడం, తూము తీయడం, తగువులు తీర్చడం. అమెరికా పడమటి రాష్ట్రాల నీటి చట్టంలో ముందు వాడుకున్నవాడిదే ముందు హక్కు. ఆ లెక్కన 1700లలో తవ్విన కాలువ ముందు ఏ నగరమైనా తర్వాత వచ్చిందే. అందుకే నగరాలు, రియల్ ఎస్టేటువాళ్ళు ఒక్కో రైతు దగ్గరా నీటి హక్కు కొనుక్కుంటూ వచ్చారు. కాలువ సంఘం ఒప్పుకోకపోతే అలాంటి అమ్మకం సాగకుండా 2003లో రాష్ట్రం చట్టం చేసింది.

ఏటా చలి తగ్గగానే కాలువ పూడిక తీస్తారు. ఎన్ని మడులుంటే అన్ని రోజుల పని. పార పట్టుకుని రాలేనివాడు తన బదులు కూలీని పంపాలి, లేదంటే డబ్బు కట్టాలి. పని అయ్యాక పైన తూము లేపుతారు. ముందుగా బురద, నురగ, ఎండుటాకులు కొట్టుకొస్తాయి, వాటి వెనక నీళ్ళు.